రక్తాన్ని అడిగిన ప్రశ్న

ఆ ఇంట్లో కొన్ని ఆదివారాలు పొద్దున్నే టీ దొరకదు. ముందు రక్తం ఇవ్వాలి, తరవాతే టీ.

ఇల్లాలు పెద్దాసుపత్రిలో రక్త పరీక్షల ల్యాబ్‌కి ఇన్‌ఛార్జ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి రక్తం చూసే మనిషికి ఇంట్లోవాళ్ళ రక్తం చూడకపోతే తోచదు. అందుకే మూడు నాలుగు నెలలకోసారి, తనకి డ్యూటీ పడిన ఆదివారం, వంటింటి బల్ల మీద కప్పులు ఉండాల్సిన చోట రబ్బరు పట్టీ, దూది, రంగురంగుల మూతల గొట్టాలు పరుస్తుంది. ఎవరైనా ఒంట్లో బాగోలేదంటే ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగే అలవాటు ఆవిడకి లేదు. "చెయ్యి చాపు" అంటుంది, అంతే.

"మనుషులు సగం మర్చిపోతారు, సగం దాస్తారు. రక్తానికి ఆ గొడవ లేదు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది" అని ఆవిడ సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఆవిడ కొత్తగా చేరినవాళ్ళకీ చెప్తుంది, కూరగాయలు తరుగుతూ అత్తగారికీ చెప్తుంది.

ఇంటాయన లిఫ్ట్ మెకానిక్. ఇరవై అంతస్తుల మేడలో చీకటి గుంతలోకి తాడు పట్టుకుని దిగిపోయే మనిషి, సూది చూస్తే మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. భార్యని ముద్దుగా సూదమ్మ అంటాడు.

"అయిపోయిందా సూదమ్మా?"

"ఇంకా మొదలే పెట్టలేదు. పిడికిలి బిగించండి."

"నా దగ్గర మిగిలింది నాలుగు చుక్కలు. అవీ నువ్వే పట్టుకుపో" అంటూ పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు అప్పుడే చీర చెంగు సర్దుకుని చెయ్యి చాపి పెట్టింది. పైకి సణుగుతుంది గానీ, తన ఫలితాలన్నీ బాగున్నాయని కోడలు చెప్తే పొరుగువాళ్ళకి వారం రోజులు చెప్పుకుంటుంది.

అంతలో లీటరు సీసా చేత్తో పట్టుకుని కూతురు వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ రెండో ఏడాది. కిందటి చలికాలం నుంచి సీసా లేకుండా గది దాటదు. బకెట్లకొద్దీ తాగుతుంది, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేస్తుంది. మొదట్లో తల్లి షుగరేమోనని పరీక్ష చేసింది. షుగర్ లేదని వచ్చింది. ల్యాబ్ కాదన్నాక ఇంక ఆలోచించేదేముందని ఆ సంగతి అక్కడితో వదిలేసింది. తండ్రి మాత్రం ‘చేప’ అని పేరు పెట్టాడు. అందరూ అలాగే పిలవడం మొదలెట్టారు.

"రా చేపా, నీ వంతు. నీళ్ళు కాకుండా ఒంట్లో రక్తం కూడా ఉందేమో మీ అమ్మ చూస్తుంది" అన్నాడు తండ్రి, మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని. సూది గండం దాటేసరికి ఆయనకి హుషారొచ్చింది. "ఆ మగాయన కథ చెప్పు ఒకసారి."

"ఎన్నిసార్లు చెప్పాలండీ?"

ఆ కథ అందరికీ కంఠతా వచ్చు. ల్యాబ్ కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకాయన చీటీ చూసి కంగారుపడి, "సార్, మీ ఆవిడ చీటీ తెచ్చినట్టున్నారు. ఇందులో కడుపు పరీక్ష రాశారు" అందట. ఆయన చీటీ అటూ ఇటూ తిప్పి, "నాకే రాశారమ్మా. నేనే నెల తప్పానేమో" అన్నాడట. ఎన్నిసార్లు విన్నా నానమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆరోజూ నవ్వింది.

చేప మాత్రం నవ్వలేదు. "ఇంతకీ ఆయనకి ఆ పరీక్ష ఎందుకు రాశారమ్మా?" అంది.

"కబుర్లాపి చెయ్యి చాపు. నాకు బస్సు టైమవుతోంది."

ఆ పిల్లకి ప్రశ్నలెక్కువ. చిన్నప్పుడు తండ్రి టూల్‌బాక్స్‌లో ప్రతి పానానూ ఎందుకు, దేనికి అని అడిగి ప్రాణం తీసేది. ఈ మధ్య ఆ ప్రశ్నలూ తగ్గాయి. తలనొప్పి అంటుంది, పడుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆడిన బ్యాడ్మింటన్ ఉన్నట్టుండి మానేసింది. డబుల్స్‌లో జతగా ఆడే కుర్రాడు రెండుసార్లు ఇంటికొచ్చి బతిమాలినా, "నాతో ఆడితే ఓడిపోతావ్, పో" అని పంపేసింది. ఆ కుర్రాణ్ని ఇంట్లో అందరూ జోడీ అనే పిలుస్తారు.

రక్తం ఇచ్చి లేచిన చేప రెండడుగులు వేసి, గబగబా బాత్‌రూమ్‌లోకి వెళ్ళిపోయింది. డోకుకున్న చప్పుడు బయటికి వినిపించింది. నానమ్మ కోడలి వైపు చూసింది. కోడలు గొట్టాల మీద పేర్లు రాస్తోంది.

"అమ్మాయ్" అంది అత్తగారు, కొడుకు స్నానానికి వెళ్ళాక, గొంతు తగ్గించి. "పొద్దున పూట వాంతులు ఇవాళే కాదు, వారం నుంచీ వింటున్నాను. దానికి నెల సరిగ్గా వస్తోందా?"

తల్లి చేతిలో పెన్ను ఆగింది. అల్మరాలో సామాన్లు ఎప్పుడు కొన్నదీ, ఎప్పుడు అయిపోయిందీ ఆవిడకి తెలుసు. కూతురి ప్యాడ్లు మాత్రం నెలల తరబడి కొనలేదు. చూస్తూనే ఉంది, ఎందుకని అడగలేదు.

"దాన్నే అడుగు" అంది అత్తగారు.

ఆవిడ అడగలేదు. బాత్‌రూమ్ తలుపు ముందు నిమిషంపాటు నిలబడి, గొట్టాలు టిఫిన్ సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది.

ల్యాబ్‌లో మెషీన్ బీరువా అంత ఉంటుంది. ఒక పక్క గొట్టాలు పెడితే, సన్నని ముక్కుతో ఒక్కో చుక్కా పీల్చి, తెర మీద అంకెలు చూపిస్తుంది. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. ఆవిడ ఇంట్లోవాళ్ళ గొట్టాలు పెట్టింది. కూతురి గొట్టానికి వచ్చేసరికి, ఎప్పుడూ నొక్కే మీటలన్నీ నొక్కి, కాస్త ఆగి, ఇంకోటి కూడా నొక్కింది. హెచ్‌సీజీ. కడుపుతో ఉన్నవాళ్ళ రక్తంలో కనిపించే హార్మోను. పేరు బదులు ఒక నంబరు వేసింది.

ఏమీ లేదని వస్తుంది, సాయంత్రం వెళ్ళి అత్తగారి నోరు మూయించొచ్చు అనుకుంది. ఐదు లోపు ఉంటే లేనట్టే.

ముప్పై ఎనిమిది వచ్చింది.

మెషీన్ మీద అనుమానంతో మళ్ళీ పెట్టింది. మళ్ళీ ముప్పై ఎనిమిదే. స్టూలు లాక్కుని కూర్చుంది. లెక్క కుదరలేదు. నెలల తరబడి నెల రాని పిల్లకి నిజంగా కడుపే అయితే ఆ అంకె వేలల్లో ఉండాలి. ఆ సంగతి ఆవిడకి తెలిసినంత బాగా ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు ఆ స్టూలు మీద కూర్చున్నది ఇన్‌ఛార్జ్ కాదు, తల్లి. కిందటి నెలల సంగతి వేరే అయ్యుంటుందిలే, ఇది ఈమధ్యది అని తనకి తనే సర్ది చెప్పుకుంది. ఆ వెంటనే జోడీ మొహం గుర్తొచ్చింది. ఆట మానెయ్యడం, వాణ్ని గుమ్మంలోంచే పంపెయ్యడం, గది తలుపు వేసుకుని పడుకోవడం, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. మనసు ఒకటి అనుకున్నాక సాక్ష్యాలకి కొరవేముంది.

సాయంత్రం ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా కూతురి గదిలోకి వెళ్ళింది. చేప మంచం అంచున కూర్చుని బాటిల్ మూత తిప్పుతోంది. వెనకాలే తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. భార్య నడకలోనే ఆయనకి తేడా తెలిసింది.

"ఎవరు?" అంది తల్లి.

"ఎవరేంటి?"

"నాతో ఆటలొద్దు. జోడీయేనా?"

చేపకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నావమ్మా?"

"నేను మాట్లాడట్లేదు. నీ రక్తం మాట్లాడింది. పొద్దున ఆ పరీక్ష కూడా చేశాను. ఉందని వచ్చింది."

తండ్రి గుమ్మం పట్టుకున్నాడు.

"నన్ను అడక్కుండా చేశావా?" అంది చేప.

"అడిగితే చెప్పేదానివా?"

"అడిగి చూడాల్సింది. ఏమీ లేదమ్మా. జోడీ లేడు, ఎవరూ లేరు. నేను చెప్తున్నా కదా."

"అయితే నా మొహం చూసి చెప్పు."

తల్లి మంచం ముందు నిలబడి ఉంది. చేప కళ్ళు ఆవిడ మెడ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. అంతకన్నా పైకి రాలేదు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, గడ్డం మొత్తం పైకెత్తి, తల వెనక్కి వంచి తల్లిని చూసింది. చూసేవాళ్ళకి అది పొగరులా ఉంది.

"ఎంత ధైర్యం. ముందు కళ్ళు దించుకుంటావు, తరవాత తల ఎగరేస్తావు. పొరపాటు చేసిందానికన్నా ఈ అబద్ధానికే నాకు కడుపు మండిపోతోంది. రక్తం అబద్ధం చెప్పదే."

చేపకి కన్నీళ్ళు వచ్చాయి. అవి తుడుచుకుని, నీళ్ళు రెండు గుక్కలు తాగింది. ఆ తరవాత ఆ పిల్లలో పాత పిల్ల మేలుకుంది, పానాల పెట్టె ముందు కూర్చుని ప్రాణం తీసే పిల్ల.

"సరే. రక్తం అబద్ధం చెప్పదు. నేనూ చెప్పట్లేదు. రెండూ నిజమైతే ఎలా కుదురుతుందో చూద్దాం. ఎంత ఉంది?"

"ఎంతైతే నీకెందుకు?"

"అది నా రక్తం. ఎంత?"

"ముప్పై ఎనిమిది."

"అది కడుపులోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాదా?"

"రాదు."

"మరి ఆ మగాయన?"

"ఏ మగాయన?"

"నువ్వు చెప్పే కథలో మగాయన. నేనే నెల తప్పానేమో అన్నాడే. ఆయనకి ఆ పరీక్ష ఎందుకు రాశారో పొద్దున అడిగాను, నువ్వు బస్సు టైమయింది అన్నావు. ఇప్పుడు చెప్పు."

వంటింట్లో నానమ్మ గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఆగింది. జవాబు తల్లికి తెలుసు. ఆయనకి గడ్డ ఉంది. కొన్ని జాతుల గడ్డలు ఆ హార్మోనుని తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. అందుకే దాన్ని గడ్డ ఆనవాలుగా కూడా వాడతారు. వారానికి పదిమంది మగవాళ్ళకి ఆవిడే ఆ పరీక్ష చేస్తుంది. ఇన్నాళ్ళూ కథలో నవ్వొచ్చేంతవరకే చెప్పి, మిగతాది ఇంట్లో ఎందుకులే అని ఆపేసేది.

"నీకూ ఆయనకీ పోలికేంటి. పిచ్చి ప్రశ్నలూ నువ్వూ" అంది. కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"అయితే మళ్ళీ తీసి చూడు. నిజంగా అదే అయితే పెరగాలి కదా?"

"రెండు రోజులకి రెట్టింపు అవుతుంది."

"ఎల్లుండి తీసుకో. నేనే చెయ్యి చాపుతాను" అని ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రెండు రోజులూ తల్లీకూతుళ్ళ మధ్య మాటలు లేవు. నానమ్మ తను నోరు జారినందుకు తనని తానే తిట్టుకుంది. "అడగమన్నాను గానీ నిలదియ్యమన్నానా" అని గొణుగుతూ మనవరాలి మంచం పక్కనే కూర్చుంది. తండ్రి పనికి వెళ్తూ భార్య దగ్గర ఆగాడు.

"నువ్వు చెప్పింది కాదని అనట్లేదు. కానీ అది అబద్ధమాడే పిల్ల కాదే. పగలగొట్టిన గ్లాసు కూడా తనే తెచ్చి చూపిస్తుంది."

"నాకు తెలియదా?" అంది ఆవిడ. తెలిసే బాధపడుతోంది.

రెండో రోజు చేప అన్న మాట ప్రకారం చెయ్యి చాపింది. తల్లి సూది గుచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఈసారి నలభై వచ్చింది. డెబ్భై దాటాల్సిన అంకె నలభై దగ్గర నిలబడింది. పెరిగీ పెరగనట్టు. మధ్యాహ్నం కూతుర్ని తీసుకెళ్ళి ఆడవాళ్ళ డాక్టరు దగ్గర స్కాను చేయించింది. డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసి, "ఇక్కడేమీ లేదండీ. గర్భసంచి ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఈ హార్మోను ఇక్కడినుంచి వస్తోందని నేననుకోను. పైఅంతస్తులో గడ్డల డాక్టర్ని ఒకసారి కలవండి" అంది.

చేప బట్టలు సర్దుకుంటూ, "ఇక్కడినుంచి కాకపోతే ఎక్కడినుంచి?" అంది. ఆ గొంతులో గెలిచానన్న సంతోషం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

కూతుర్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి తల్లి ఒక్కతే మెట్లెక్కింది. ఏళ్ళుగా ఆ డాక్టరుకి కిందినుంచి ఫలితాలు పంపుతోంది గానీ, ఆయన గది లోపల ఎప్పుడూ అడుగుపెట్టలేదు. తెల్లజుట్టు మనిషి. రెండు అంకెలూ, స్కానూ చూసి, కాగితం పక్కన పెట్టాడు.

"అమ్మాయి నీళ్ళు ఎక్కువ తాగుతుందా?"

"ఇంట్లో దాని పేరే చేప అండీ" అంది ఆవిడ.

"షుగర్ ఉందా?"

"లేదు. చూశాను. లేదని వదిలేశాను."

"నెల ఆగిపోయి ఎన్నాళ్ళయింది? తలనొప్పి, వాంతులు?"

"ఉన్నాయి. అన్నీ ఉన్నాయి."

"చివరిగా ఒక్కటి. తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తి చూడగలదా?"

ఆవిడకి ఒక్కసారిగా ఆ గది, మంచం అంచున కూతురు, తన మెడ దగ్గరే ఆగిపోయిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి. గడ్డం ఎత్తింది పొగరు కాదు. నా మొహం చూసి చెప్పు అని తను అడిగితే, చూడటానికి ఆ పిల్లకి అదొక్కటే దారి మిగిలింది. చూడమన్న తల్లిని కష్టపడి చూసిందది. దానికి తనిచ్చిన ప్రతిఫలం తిట్లు.

ఎన్నిసార్లు ఎంతమంది ఆ గదిలో ఏడ్చారో గానీ, ఆయన టిష్యూ డబ్బా ముందుకి జరిపి ఆగాడు. "తలలో గడ్డ ఉందేమోనని నా అనుమానం, రేపు స్కానులో తెలుస్తుంది. మీరు రక్తం చూసి ఉండకపోతే ఇది ఇంకో ఆరు నెలలు తెలిసేది కాదు. అది కూడా గుర్తుపెట్టుకోండి" అన్నాడు.

ఆవిడ మెట్లు ఎలా దిగిందో ఆవిడకి తెలియదు. ల్యాబ్‌లో చేప మెషీన్ ముందు నిలబడి, సన్నని ముక్కు చుక్కలు పీల్చడం ఆసక్తిగా చూస్తోంది.

"కూర్చోమ్మా" అంది తల్లి. స్టూలు మీద కూర్చోబెట్టి, జేబులోంచి పెన్ను తీసి కళ్ళ ముందు పట్టుకుంది. "తల కదపకు. దీన్నే చూడు."

పెన్ను ఎడమకి వెళ్తే కళ్ళు వెళ్ళాయి. కుడికి వెళ్తే వెళ్ళాయి. కిందికీ వెళ్ళాయి. పైకి తీస్తే మాత్రం మధ్యలోనే ఆగిపోయాయి.

"పైకి రావట్లేదమ్మా" అంది చేప. "చాలా రోజులయింది. ఎత్తులో వచ్చిన షటిల్ ఒక్కటీ కనపడదు. తల వెనక్కి వంచేలోపు కింద పడిపోతుంది. ఒక్కోసారి రెండేసి కనిపిస్తాయి. నావల్ల వాడు ప్రతి ఆటా ఓడిపోతున్నాడని మానేశాను. కళ్ళజోడు వస్తుందేమో అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను. చూపు బాగాలేదంటే చెయ్యి చాపమన్నావు. విటమిన్ తక్కువుందని మాత్రలిచ్చావు."

తల్లి పెన్ను బల్ల మీద పెట్టేసి కూతురి మోకాళ్ళ దగ్గర కింద కూర్చుండిపోయింది. ల్యాబ్‌లో అందరూ చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

"రక్తం అబద్ధం చెప్పలేదు" అంది, మాటలు కూడబలుక్కుంటూ. "నేనే ఒక్క ప్రశ్న అడిగి, అదే జవాబనుకున్నాను. నిన్నయితే అది కూడా అడగలేదు. నన్ను క్షమించమ్మా."

ఇప్పుడు తల్లి కింద ఉంది. చేప కళ్ళు దించి, ఏ కష్టం లేకుండా ఆవిడ మొహంలోకి చూసింది. "అమ్మా, లే. అందరూ చూస్తున్నారు" అంది. మాట పూర్తికాకుండానే తనూ ఏడ్చింది. రెండు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు.

మర్నాడు తల లోపలి స్కాను తీశారు. మెదడు నడిమధ్యలో, బాగా లోతుగా, రెండు చిన్న గడ్డలు కనిపించాయి. ఒకటి ఒంట్లో నీళ్ళ లెక్క, నెల లెక్క చూసే గ్రంథి దగ్గర. ఇంకోటి కళ్ళని పైకి తిప్పే నరాల పక్కన. అక్కడ తలలో ఊరే నీళ్ళకి దారి మూసుకుపోతోందనీ, తలనొప్పీ వాంతులూ అందుకేననీ చెప్పారు. సన్నని కంత పెట్టి నీళ్ళకి వేరే దారి చేశారు. ఆ నీళ్ళనే కొంచెం గొట్టంలో పట్టి పరీక్షకి పంపారు.

ఆ గొట్టం ల్యాబ్‌కి వచ్చినప్పుడు తల్లి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మెషీన్ మీట వేరేవాళ్ళు నొక్కారు. అంకె నాలుగొందలు దాటింది.

గడ్డల డాక్టరు గదిలో ఈసారి నలుగురూ ఉన్నారు. నానమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. చేప తలకి కట్టుంది, చేతిలో సీసా ఉంది.

"రక్తంలో నలభై, తల నీళ్ళలో నాలుగొందలు" అంది చేప అందరికన్నా ముందు. "అంటే ఎక్కడ చిక్కగా ఉందో అక్కడే తయారవుతున్నట్టు. పలచబడి రక్తంలోకి వచ్చింది. అంతేనా సార్?"

డాక్టరు కళ్ళజోడు తీసి ఆ పిల్ల వైపు చూశాడు. "అంతే. ఇంకో ఆనవాలు కూడా చూశాం. అది లేదు. అది ఉంటే కొంచెం మొండి రకం. అది లేకుండా, ఈ హార్మోను మాత్రం కాస్త పెరిగి, గడ్డలు సరిగ్గా ఈ రెండు చోట్లా ఉంటే, ఏ రకమో చెప్పడానికి ముక్క కోసి చూడక్కర్లేదు."

తండ్రి ముందుకు వంగాడు. "అంటే తల తెరవరా?"

"ఆ లోతుకి కత్తి తీసుకెళ్ళాల్సిన పని లేదు. ఈ రకం మందులకీ రేడియేషన్‌కీ బాగా లొంగుతుంది. నూటికి తొంభైమంది పైగా మామూలుగా బతుకుతున్నారు. కష్టం ఉంటుంది, జుట్టు ఊడుతుంది, నీరసం వస్తుంది. కొన్ని హార్మోను మాత్రలు చాలాకాలం వేసుకోవాలి."

నానమ్మకి ఒక అనుమానం పట్టుకుంది. "అయితే తలలో ఏమున్నా రక్తంలో తెలిసిపోతుందా బాబూ? మా అందరిదీ తీసి చూడకూడదూ?"

"తెలియదమ్మా. తలలో వచ్చే గడ్డల్లో చాలావాటికి రక్తంలో ఏ ఆనవాలూ ఉండదు. ఈ ఒక్క జాతే ఇలా బయటపడుతుంది. అప్పుడైనా రక్తాన్ని ఒక్కదాన్నే నమ్మను. రక్తం, స్కాను, మనిషి చెప్పేది, మూడూ ఒకే మాట మీద ఉండాలి."

మనిషి చెప్పేది అన్నప్పుడు తల్లి తలొంచుకుంది. చేప పక్కనుంచి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర జోడీ కాచుకుని ఉన్నాడు. తల్లి వాడి దగ్గరికి వెళ్ళి, "బాబూ, నిన్ను ఒకమాట అనుకున్నాను. నీకు తెలియదులే. తప్పు నాది" అంది. వాడికి ఏమీ అర్థం కాక, "పర్వాలేదాంటీ" అన్నాడు.

తరవాతి నెలలు తేలిగ్గా గడవలేదు. జుట్టు ఊడింది. తిన్నది ఇమడని రోజులున్నాయి. దాహానికి ఇచ్చిన మాత్రతో సీసా మాత్రం బల్ల మీదికి చేరింది. "చేప ఒడ్డుకొచ్చింది" అన్నాడు తండ్రి, ఆ మాట అనేసి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నానమ్మ మనవరాలితో పాటు తనూ తలకి రుమాలు కట్టుకుని తిరిగింది. ఇప్పుడా హార్మోను అంకె చూడటానికే ఎదురుచూసేవాళ్ళు. నలభై నుంచి పన్నెండుకీ, పన్నెండు నుంచి మూడుకీ దిగింది. ఒకప్పుడు ఆ ఇంటిని కూల్చబోయిన అంకె, తగ్గిన కొద్దీ అందరినీ నిలబెట్టింది.

చికిత్స పూర్తయ్యాక వచ్చిన డ్యూటీ ఆదివారం, వంటింటి బల్ల మీద రబ్బరు పట్టీ, దూది, గొట్టాలు మళ్ళీ వచ్చాయి. కానీ వాటి పక్కన ఈసారి నాలుగు కప్పులు కూడా ఉన్నాయి.

"ఇదేంటి సూదమ్మా, రక్తం ఇవ్వకుండానే టీనా?" అన్నాడు ఇంటాయన.

"టీ తాగితే పాడయ్యే పరీక్షలు కావు ఇవాళ. కూర్చోండి."

తల మీద పిల్లికూన బొచ్చులాంటి కొత్త జుట్టుతో చేప వచ్చి కూర్చుంది. అలవాటుగా చెయ్యి చాపింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా బల్ల మీద పెట్టేసింది. టీ గిన్నె అందుకుని పక్కనే నిలబడి పొయ్యడం మొదలుపెట్టింది.

"ముందు నువ్వు చెప్పమ్మా" అంది. "ఎలా ఉంది ఒంట్లో?"

"అంత తొందరేం లేదు కదా, చాలా ఉంది చెప్పడానికి."

"బస్సు పోతే ఇంకోటి వస్తుంది. చెప్పు."

చేప నవ్వి తల్లి వైపు చూసింది. గడ్డం కదల్లేదు. కళ్ళు మాత్రం పైకి లేచి, మెడ దాటి, నెమ్మదిగా వచ్చి అమ్మ మొహం మీద ఆగాయి.

తల్లి చూస్తూ ఉండిపోయింది. కప్పు నిండింది, టీ సాసరులోకి దిగింది, బల్ల మీదికి పారి దూదిని తడిపింది.

"అమ్మాయ్, చూసి పొయ్యి" అంది అత్తగారు.

"చూస్తున్నానత్తయ్యా" అంది ఆవిడ.